గర్భస్థ శిశు పరీక్ష – వాహక దంపతుల నిర్ణయం: చిత్తూరు సీమ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తలసేమియా వంటి వంశపారంపర్య వ్యాధుల జన్యువును మోసే దంపతులకు గర్భస్థ శిశు పరీక్ష ఏ పరిస్థితులలో, ఏ షరతులతో అందివచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బంగారుపాళ్యం పరిసర ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని మేనరికం, వైద్యం, చట్టం అనే మూడింటి చరిత్రను కలిపి చూస్తుంది. వాహకులమన్న సంగతి ఏ దశలో తెలుస్తుందన్న దానిపైనే దంపతుల స్వేచ్ఛ ప్రధానంగా ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మేనరికం, తలసేమియా, వాహకులు, గర్భస్థ శిశు పరీక్ష, సమ్మతి.

1. ఉపోద్ఘాతం:
చిత్తూరుకూ పలమనేరుకూ నడుమ ఉన్న బంగారుపాళ్యం మామిడి వ్యాపారానికి పేరొందింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. జిల్లాలు వేరైనా, తరువాత రాష్ట్రాలు వేరైనా, పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరుకు వెళ్లే అలవాటు ఈ ప్రాంతంలో పోలేదు. వంశపారంపర్య వ్యాధుల విషయంలో ఈ దారికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

2. మేనరికం – జన్యుశాస్త్రం:
మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడటాన్ని బౌధాయన ధర్మసూత్రం దాక్షిణాత్యుల ఆచారాలలో ఒకటిగా పేర్కొంది. రాయలసీమలో దీనికి తోడు అక్క కూతురిని చేసుకునే ఆచారమూ ఉంది. ఆస్తి చెదరకుండా ఉండటం, ఆడపిల్ల తెలిసిన ఇంటికే వెళ్లడం ఈ సంబంధాలకు బలమైన కారణాలు.

1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ ప్రేరణతో, ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960లలో ఆంధ్రదేశంలోని రక్తసంబంధ వివాహాలను జన్యుశాస్త్ర దృష్టితో అధ్యయనం చేశాడు. ఒకే పూర్వికుని నుంచి వచ్చిన ఒకే జన్యువు బిడ్డకు రెండు వైపులా సంక్రమించే అవకాశం మేనమామ–మేనకోడళ్ల సంతానంలో ఎనిమిదింట ఒక వంతు, మేనత్త మేనమామ బిడ్డల మధ్య వివాహాలలో పదహారింట ఒక వంతు ఉంటుంది.

అయితే ఈ లెక్కను బట్టి నిందను మొత్తం మేనరికంపై మోపడం శాస్త్రీయం కాదు. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులని అంచనా. బంధుత్వం లేని ఇద్దరు వాహకులు పెళ్లాడినా ప్రమాదం అంతే: ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చినంత మాత్రాన తరువాతి ముగ్గురూ క్షేమమని అర్థం కాదు. తలసేమియాలో దోషం తల్లి నుంచి ఎంతో తండ్రి నుంచీ అంతే. కోడలి పుట్టింటి రక్తాన్ని తప్పుపట్టడానికి ఇక్కడ ఆధారం లేదు.

3. రాయవేలూరు దారి:
1900లో ఐడా స్కడర్ రాయవేలూరులో ప్రారంభించిన చిన్న వైద్యశాల క్రమంగా క్రైస్తవ వైద్య కళాశాలగా (సీఎంసీ) ఎదిగింది. 1986లో తలసేమియా రోగికి ఎముక మజ్జ మార్పిడి అక్కడే జరిగింది. తలసేమియాకు ఈ చికిత్స విషయంలో దేశంలో అది నాంది. తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు రెండేళ్లలోపే రక్తహీనత ముదురుతుంది. ఆపై రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. శరీరంలో పేరుకునే ఇనుమును మందులతో తొలగించాలి. మజ్జ మార్పిడికి సరిపోయే దాత కావాలి, ఖర్చూ భారమే. మరుసటి కాన్పు గురించిన ప్రశ్న కుటుంబానికి ఈ అనుభవం నుంచే పుడుతుంది.

4. మూడు చట్టాలు:
1971 నాటి వైద్యపర గర్భవిచ్ఛిత్తి చట్టం, పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన వైకల్యం కలిగే ప్రమాదముంటే 20 వారాల వరకు గర్భవిచ్ఛిత్తిని అనుమతించింది. ఆ ప్రమాదాన్ని ముందుగా తెలుసుకొనే సాధనాలు అప్పటికి దేశంలో దాదాపు లేవు. అనుమతి ముందు వచ్చింది, తెలుసుకొనే మార్గం వెనుక వచ్చింది.

1970ల నడుమ ఉమ్మనీటి పరీక్ష జన్యులోపాల గుర్తింపు కోసమే మన దేశంలో ప్రవేశించింది. కొద్దికాలంలోనే అది ఆడపిండాల ఏరివేతకు సాధనమైంది. ఫలితంగా 1994లో గర్భస్థ శిశు పరీక్షల నియంత్రణ చట్టం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమలైంది. ఇది లింగనిర్ధారణను నిషేధించినా, క్రోమోజోము లోపాలు, హిమోగ్లోబిన్ వ్యాధులు, లింగసంబంధ జన్యువ్యాధులు మొదలైన వాటికి పరీక్షను అనుమతించింది.

ఈ చట్టంలోని ఒక నిబంధన చిత్తూరు సీమకు ముఖ్యమైనది. పరీక్షకు ముందు దుష్ఫలితాలన్నీ వివరించి, గర్భవతికి అర్థమయ్యే భాషలో ఆమె లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. తమిళనాడులోని ఆసుపత్రికి వెళ్లే తెలుగు మహిళకు తెలుగులో వివరణ పొందడం దయ కాదు, హక్కు. ఆ సమ్మతి భర్తదీ అత్తమామలదీ కాదు, ఆమెదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాల జాబితాలో చేర్చింది. రాజ్యం ఒక చట్టంతో గర్భవిచ్ఛిత్తికి అవకాశమిచ్చి, మరొక చట్టంతో అదే వ్యాధితో జీవించేవారి గౌరవాన్ని కాపాడుతున్నది. పరీక్ష చేయించుకోకుండా ఉండటమూ, వ్యాధి ఉందని తెలిసీ బిడ్డను కనడమూ న్యాయమైన నిర్ణయాలుగా నిలిచినంతవరకే ఈ రెండూ పొసగుతాయి.

5. సమయం – స్వేచ్ఛ:
మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష 11–13 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15–16 వారాల తరువాత చేస్తారు. వీటికన్నా ముందు తల్లిదండ్రులిద్దరి జన్యుదోషం ఏదో గుర్తించి ఉండాలి. నాలుగో నెల దాటాక మొదలుపెట్టే దంపతులకు ఫలితం వచ్చేసరికి 20 వారాల గడువు దగ్గరపడేది. 2021 సవరణ, పిండంలో తీవ్ర లోపాలున్నట్లు వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల పరిమితి వర్తించదని చెప్పింది. గడువు పెరిగినా, కదలిక తెలిసిన బిడ్డ గురించి తీర్పు చెప్పుకోవలసిన తల్లి బాధ తగ్గదు.

సైప్రస్ అనుభవం ఇక్కడ పోల్చదగినది. 1970ల నుంచి అక్కడ వాహక పరీక్షలు విస్తరించాయి. చర్చి కూడా పెళ్లికి ముందు పరీక్షాపత్రం కోరింది. అయినా వాహకుల మధ్య పెళ్లిళ్లు పెద్దగా ఆగలేదు. నిశ్చయమైన జంటలు పెళ్లి చేసుకొని, గర్భం తొలినాళ్లలోనే పరీక్షను ఆశ్రయించాయి. తలసేమియా జననాలు దాదాపు నిలిచిపోయాయి.

6. ముగింపు:
పరీక్ష, చట్టం, ఆసుపత్రి మూడూ ఉన్నా, మొదటి బిడ్డ జబ్బుపడేవరకు తాము వాహకులమని తెలియని దంపతులకు మొదటి కాన్పులో ఎంపికే లేదు. 2016లో జాతీయ ఆరోగ్య మిషన్ వెలువరించిన హిమోగ్లోబిన్ వ్యాధుల మార్గదర్శకాలు ముందస్తు గుర్తింపుకు ప్రాధాన్యమిచ్చాయి. మేనరికాన్ని మానమని చెప్పడం తేలిక. పెళ్లికి ముందో, కనీసం గర్భం నిలిచిన తొలి వారాలలోనో ఊరి ఆరోగ్య కేంద్రంలోనే రక్తపరీక్ష జరిగేలా చూడటం కష్టమైనా ప్రయోజనకరం. సంగతి అంత ముందుగా తెలిసినప్పుడే కాన్పు వద్దనుకోవడం, పరీక్షకు సిద్ధపడటం, ఏది వచ్చినా బిడ్డను స్వీకరించడం అనే మూడు దారులూ ఆ స్త్రీకి నిజంగా తెరుచుకుంటాయి.