జెడ్ యాక్సిస్ దిగివచ్చిన దారి

గోవాడ అనగానే అనకాపల్లి ప్రాంతంలో ఎవరికైనా సహకార చక్కెర ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. అలాంటి మిల్లుల మరమ్మతులు చేసే వర్క్‌షాపుల్లో లేతు ముందువైపు పొడవాటి లీడ్ స్క్రూ ఒకటి ఉంటుంది. ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ రౌటర్‌కి కూడా ప్రాణం అలాంటి స్క్రూలోనే ఉంది. ఒకే కొలతతో మరలు కోయడం 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే లేతుతో స్థిరపడింది. గోవాడ లాగే ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుంటే ఉలి ఎంత లోతు దిగాలో చెయ్యే చూసుకుంటుంది. రౌటర్‌లో ఆ చెయ్యి చేసే పని, బిట్టును పైకీ కిందికీ నడిపే జెడ్ యాక్సిస్‌ది.

యంత్రానికి అంకెలతో ఆ పని అప్పగించింది 1952లో, అమెరికాలోని ఎంఐటీలో. హెలికాప్టర్ రెక్కల తయారీలో ఉన్న జాన్ పార్సన్స్ ఆలోచన దానికి మూలం. సిన్సినాటి కంపెనీ నిలువు స్పిండిల్ మిల్లింగ్ యంత్రానికి చిల్లుల టేపును, వాక్యూమ్ ట్యూబుల కంట్రోలర్‌ను తగిలించారు. డబ్బు వైమానిక దళానిది. మన సికింద్రాబాద్‌లో 1943లోనే ప్రాగా టూల్స్ పుట్టింది గానీ, అలాంటి కంపెనీల యంత్రాలు ఇంటి షెడ్డుకు చేరేవి కావు.

ఆ తలుపు తెరిచింది 2005లో ఏడ్రియన్ బౌయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్. అది త్రీడీ ప్రింటరే అయినా, దాని జెడ్ చూసి రౌటర్లు కట్టినవాళ్లు చాలామంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం8 మరల కడ్డీ, స్కేటింగ్ చక్రాల్లోని 608 బేరింగు: బేరింగు రంధ్రం సరిగ్గా 8 మి.మీ., కడ్డీ ఇట్టే పట్టేస్తుంది. 2009లో వచ్చిన grbl సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో బోర్డుతోనే మూడు మోటార్లనూ నడిపించింది. అయితే ఆ కడ్డీ నట్టు బిగించడానికి చేసింది, బరువు మోసి పైకీ కిందికీ తిరగడానికి కాదు. కాస్త వంగిందంటే చాలు, ప్రింటు గోడ మీద అలలు తేలేవి.

తర్వాత చవకగా దొరికిన టీ8 లీడ్ స్క్రూలతో పరిస్థితి మారింది. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు. స్క్రూ చుట్టుకు 2 మి.మీ. దిగితే ఒక్కో స్టెప్పుకు 0.01 మి.మీ., 8 మి.మీ. దిగితే 0.04. రెండోది వేగంగా పోతుంది కానీ, కరెంటు పోతే స్పిండిల్ జారి బిట్టు చెక్కలో దిగబడే ప్రమాదం ఉంది. బాల్ స్క్రూదీ ఇదే గుణం, దానికి బ్రేకో స్ప్రింగో కావాలి. 2 మి.మీ.ది తనంతట తాను జారదు. నట్టులో కొంచెం ప్లే (వదులు) ఉన్నా స్పిండిల్ బరువు మరను ఒకవైపుకే ఆనించి ఉంచుతుంది. బిట్టును గట్టి కర్ర పైకి తన్నినప్పుడు మాత్రం ఆ ప్లే బయటపడుతుంది.

కొత్తగా కట్టేవాళ్లు మూడు యాక్సిస్‌ల మీదా ఒకేలా పొదుపు చేస్తారు, అది నాకు నచ్చదు. జెడ్ ప్రయాణం తక్కువ. 18 మి.మీ. ప్లైవుడ్ కోసుకునేవాళ్లకు 75 మి.మీ. సరిపోతుంది. అంత పొట్టి స్క్రూ మంచిది కొన్నా ఖర్చు పెద్దగా పెరగదు. మిగిలిన డబ్బు గైడ్ రాడ్ల మధ్య ఎడం పెంచడానికి పెట్టాలి. బిట్టు కిందికి వేలాడిన కొద్దీ ఊగుతుంది, ఆ ఊగుడు గుమ్మం మీద చెక్కిన లత అంచుల్లో గీతలుగా మిగులుతుంది.