విశాఖపట్నంలో సామూహిక తోటలు, ప్రజారోగ్యం

నలుగురూ కలిసి ఖాళీ స్థలంలోనో, బడి ఆవరణలోనో, అపార్ట్‌మెంటు మేడ మీదో కూరగాయలు పండించుకుని పంచుకుంటే అది సామూహిక తోట. రేవు, ఉక్కు, చమురు శుద్ధి పరిశ్రమలతో పెరిగిన విశాఖపట్నంలో నేల కరవు కాబట్టి ఈ సాగు చాలావరకు మిద్దె తోటల రూపంలోనే కనిపిస్తుంది. ఇక్కడ తోట ఆరోగ్యాన్ని ఇస్తుందా లేదా అన్నది విత్తనం కంటే మట్టి మీద, నీటి మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

నగరవాసుల ఆరోగ్యం కోసం తోట అనే ఆలోచన జర్మనీలో బలపడింది. 1860లలో లైప్‌జిగ్‌లో డాక్టర్ ష్రేబర్ పేరిట పిల్లల ఆటస్థలంగా మొదలైనది కొద్ది ఏళ్లలోనే కుటుంబాలకు పంచిన చిన్న చిన్న మడులుగా మారింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో విక్టరీ గార్డెన్లు, మన దేశంలో 'గ్రో మోర్ ఫుడ్' ఉద్యమం వచ్చాయి. 1960లలో యునిసెఫ్ తోడ్పాటుతో నడిచిన అప్లైడ్ న్యూట్రిషన్ ప్రోగ్రాం బడి తోటలను, పెరటి తోటలను పోషకాహార లోపానికి మందుగా చూసింది. నేడు అంగన్‌వాడీల్లో పెంచుతున్న పోషణ వాటికలు ఆ ఆలోచనకు కొనసాగింపే.

విశాఖలో పెరడు కుంచించుకుపోయిన తీరు నగర చరిత్రతో ముడిపడి ఉంది. సముద్రపు పోటు నీరు చేరే చిత్తడిని తవ్వి కట్టిన రేవు 1933లో ప్రారంభమైంది. 1966 నాటి 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. దాని కోసం 64 గ్రామాల ప్రజలు సాగుభూములనూ ఇళ్లనూ వదులుకున్నారు. దొడ్లో ఆనప పాదు, పందిరి మీద బీర ఉండే ఇళ్ల నుంచి వచ్చినవారికి కూరగాయ కొనుక్కునే సరుకైపోయింది. నగరం పోగొట్టుకున్న వాటిలో ఈ పెరటి పంటను కూడా లెక్కలో వేయాలి. 1999లో మొదలైన రైతుబజార్లు పల్లె రైతు పంటను నేరుగా నగరానికి చేర్చి ఆ వెలితిని కొంత పూడ్చాయి. ఇటీవలి కాలంలో తెలుగునాట మిద్దె తోటకు ఊపు తెచ్చినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. హైదరాబాద్ శివారు నారపల్లిలో ఇంటి పైకప్పు మీద ఆయన పెంచిన తోట, 'సాక్షి' పత్రికలోని 'ఇంటిపంట' శీర్షిక ఎందరికో దారి చూపాయి.

ఆరోగ్య ప్రయోజనాల్లో మొదటిది ఆహారం. రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తోటకూర, మునగాకు, బచ్చలి వారానికి నాలుగు రోజులైనా కంచంలోకి వస్తే మేలే. అయితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. నిమ్మరసం లాంటి పులుపు తోడైతే కాస్త మెరుగు. వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలకు తోట ప్రత్యామ్నాయం కాదు.

సామూహిక తోటల మీద వచ్చిన గట్టి పరీక్షల్లో అమెరికాలోని డెన్వర్ అధ్యయనం ఒకటి. 291 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మాత్రమే తోట మడులు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం తోటలో పనిచేసినవారు రెండో జట్టు కంటే రోజుకు సుమారు 1.4 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు, వారానికి 40 నిమిషాలకు పైగా అదనంగా ఒళ్లు వంచారు. ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మధుమేహం, గుండెజబ్బుల నివారణలో పీచుకూ శారీరక శ్రమకూ ఉన్న పాత్ర తెలిసినదే కనుక ఈ చిన్న అంకెలను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక మట్టి సంగతి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన కాలుష్య సూచీలో విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క. రేవు పరిసరాల్లో బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి పాత సమస్య. 1977 నుంచి 2012 వరకు ఇక్కడ జింకు కర్మాగారం నడిచింది. ఇలాంటి పరిశ్రమల నుంచి వచ్చే సీసం, కాడ్మియం వంటి లోహాలు ఒకసారి నేలలో చేరితే దశాబ్దాలు ఉండిపోతాయి. కాడ్మియాన్ని ఆకుకూరలు వేళ్లతో తేలిగ్గా లాగేసుకుంటాయి. సీసం ఎక్కువగా ధూళి రూపంలో ఆకులకు అంటుకుంటుంది. బెండ, వంగ, టమాటా కాయల్లోకి ఇవి చేరేది తక్కువ. పరిశ్రమల పక్కన ఖాళీ స్థలాన్ని తోట చేయాలనుకునేవారు విత్తనం కొనేముందే మట్టి పరీక్ష చేయించాలి. అనుమానం ఉన్నచోట తెచ్చిన మట్టి, పశువుల గెత్తం, కొబ్బరి పొట్టు కలిపి తొట్లలో పెంచడమే క్షేమం. గెడ్డల్లో పారే మురుగునీటిని ఆకుకూరలకు పెట్టనే కూడదు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి లీకైనప్పుడు, ఆ చుట్టుపక్కల పండిన కూరగాయలు, పండ్లు తినవద్దని నిపుణులు హెచ్చరించాల్సి వచ్చింది.

మరో ముప్పు దోమ. కుండీల కింది పళ్లేల్లో నిలిచే శుభ్రమైన నీరు డెంగీని మోసే ఏడిస్ దోమకు ఇష్టమైన చోటు. మూతలేని ట్యాంకుల్లో పట్టణ మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టీఫెన్సీ పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోయించే 'ఫ్రైడే - డ్రైడే' కార్యక్రమం ఈ లెక్క మీదే నడుస్తోంది. ఏడిస్ గుడ్లు పొడిగా కూడా నెలల తరబడి బతుకుతాయి. అందుకే పళ్లెంలోని నీళ్లు వంపేసి వదలకుండా అంచులను గట్టిగా తోమి ఎండబెట్టాలి.