కుటుంబ నియంత్రణ, రాజకీయ ప్రాతినిధ్యం: ఆంధ్రప్రదేశ్ అనుభవం

కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోరాదని 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1971 జనగణనకే నిలిపివేసింది. 2002లో అమలుకు వచ్చిన 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి తొలి జనగణన వరకు పొడిగించింది. ఈ నడుమ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానమున్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. (శాసనసభ్యులకు ఈ నియమం లేదు.)

2019-21 నాటికి స్త్రీకి సగటు సంతానం 1.7, తరం భర్తీకి సుమారు 2.1 అవసరం. ఈ క్షీణత ఇక్కడ ప్రధానంగా ఆలస్య వివాహాల వలన వచ్చినది కాదు. చిన్నవయస్సులోనే పెండ్లాడి, ఇద్దరు బిడ్డల పిదప శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీల వలన వచ్చినది. 2024 నవంబరులో శాసనసభ అనర్హతను రద్దుచేసింది. దానివలన అభ్యర్థుల సంఖ్య పెరుగవచ్చును గాని జననాలు పెరుగునని భావించుటకు ఆధారం స్వల్పం. లోక్‌సభ స్థానాల ప్రశ్న మాత్రం యథాతథంగానే ఉన్నది.