ముహూర్తం పెట్టేముందు సీనియారిటీ నంబరు అడగండి

మొన్న డిసెంబరులో తెనాలి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మాఘంలో వాడి పెళ్లి ఖాయం చేశాం. ఇంకా రెండు నెలలుంది కదా, అమ్మాయిని ఇప్పుడే సెలవు పెట్టేయమను" అన్నాడు. వాడి లెక్కలో రెండు నెలల ముందు చెప్పడమంటే చాలా ముందు చెప్పినట్టే. మా అమ్మాయి ఇక్కడ ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసరు. వాళ్ల కంపెనీలో ఆ ఫిబ్రవరి సెలవుల పంపకం అక్టోబరులోనే అయిపోయింది. చివరికి తను తాళి కట్టే వేళకు రాలేకపోయింది. మర్నాడు రిసెప్షన్‌కు వచ్చి, ఒక రాత్రి ఉండి వెళ్లిపోయింది. తమ్ముడు ఇప్పటికీ నాతో ముభావంగానే మాట్లాడుతున్నాడు.

"అంత జీతమిచ్చే కంపెనీ, అన్న పెళ్లికి నాలుగు రోజులివ్వదా?" అని అడిగింది వాడొక్కడే కాదు. ఇర్వింగ్‌లో మా చుట్టుపక్కల మన పిల్లలు ఒకరిద్దరు ఫ్లయింగ్ స్కూళ్లలో చేరారు. గుడిలో కనిపించినప్పుడల్లా వాళ్ల అమ్మానాన్నలు నన్ను పట్టుకుని ఏదో ఒకటి అడుగుతుంటారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను. నేను పైలట్‌ను కాను. పైలట్ తండ్రిగా ఈ కొన్నేళ్లలో తెలుసుకున్నదే ఇదంతా.

అన్నిటికీ మూలం ఒక నంబరు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మేనేజరు మంచివాడైతే సెలవు దొరుకుతుంది. ఇక్కడ మేనేజరు చేతిలో ఏమీ లేదు. కంపెనీలో చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కు ఒక సీనియారిటీ నంబరు ఉంటుంది. ఏ ఊరు బేస్, ఏ విమానం, కుడి సీటా ఎడమ సీటా, ఏ రోజులు డ్యూటీ, ఏ వారం సెలవు అన్నీ ఆ వరుసలోనే తేలతాయి. ఎంత బాగా నడిపారన్నది ఇందులోకి రాదు. మీ పైనున్నవాళ్లు 65 ఏళ్లకు రిటైరయితేనో, మానేస్తేనో మీరు ఒక మెట్టు ఎక్కుతారు. 2007 డిసెంబరు దాకా ఆ వయసు 60 ఉండేది. దాన్ని 65 చేసిన రోజున కింద ఉన్నవాళ్ల ఎదుగుదల ఒక్కసారిగా ఐదేళ్లు ఆగిపోయింది.

కంపెనీ మారితే ఈ నంబరు వెంట రాదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ అయినా కొత్తచోట అడుగు నుంచే మొదలుపెట్టాలి. 1991లో ఈస్టర్న్, పాన్ యామ్ రెండూ మూతపడినప్పుడు ఎంతోమంది కెప్టెన్లకు ఇదే జరిగింది. రెండు కంపెనీలు కలిసిపోతే రెండు జాబితాలను కలిపి కుట్టాలి. అది ఆస్తి పంపకాల కన్నా కష్టం. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిశాయి. 2007లో మధ్యవర్తి ఇచ్చిన జాబితాలో, లేఆఫ్‌లో ఉన్న తూర్పువైపు పైలట్లు 17 ఏళ్ల సర్వీసున్నా పడమరవైపు కొత్తవాళ్ల కన్నా కిందకు పోయారు. తూర్పువాళ్లు కోపంతో పాత యూనియన్‌నే వదిలేసి, 2008లో కొత్త యూనియన్‌ను ఎన్నుకున్నారు. కోర్టులు, మధ్యవర్తులు దాటి ఆ గొడవ తేలేసరికి 2016 వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2022లో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చినప్పుడు ట్రైనింగ్ క్లాసుకు రెండు తేదీలు ఇచ్చారు. మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం ఉంది, అది చూసుకుని తర్వాతి నెల క్లాసులో చేరమని నేనే పట్టుబట్టాను. నెల రోజుల జీతమే కదా పోయేది అనుకున్నాను. కోవిడ్ తర్వాత అన్ని ఎయిర్‌లైన్లూ ఎడాపెడా పైలట్లను తీసుకుంటున్న ఏడాది అది. ఆ ఒక్క నెలలో తనకన్నా ముందు దాదాపు రెండు వందల మంది చేరిపోయారు. వాళ్లు రిటైరయ్యేదాకా తనకు ముందే ఉంటారు. ఈ మాట నాకు తను చెప్పలేదు, వాళ్ల క్లాస్‌మేట్ ఒకబ్బాయి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మాటల్లో అన్నాడు. మీ పిల్లలకు క్లాసు తేదీ వస్తే, ఇంట్లో ఏ శుభకార్యమున్నా సరే, ముందు తేదీనే తీసుకోనివ్వండి.

నెలనెలా బిడ్

వచ్చే నెల డ్యూటీలు ఈ నెల మధ్యలో తేలతాయి. పాత పద్ధతిలో కంపెనీ నెలంతటికీ తయారైన షెడ్యూళ్లను వరుసగా ప్రకటించేది. వీటిని లైన్లు అంటారు. ఒకటో నంబరు పైలట్ తనకు నచ్చింది తీసుకుంటే మిగిలినవాటిలో రెండో ఆయన తీసుకునేవాడు. ఇప్పుడు చాలాచోట్ల పీబీఎస్, అంటే ప్రిఫరెన్షియల్ బిడ్డింగ్ సిస్టమ్ వచ్చింది. లైన్లు ముందే తయారై ఉండవు. నాకు 12 నుంచి 15 దాకా ఖాళీ కావాలి, తెల్లవారుజాము డ్యూటీలు వద్దు, నాలుగు రోజుల ట్రిప్పులు కావాలి అని ఎవరి కోరికలు వాళ్లు రాసుకుంటారు. కంప్యూటర్ పైనుంచి ఒక్కొక్కరికి షెడ్యూల్ అల్లుకుంటూ వస్తుంది. ముందు పంపినవాళ్లకు ముందు అన్నది లేదు, గడువులోపు ఎప్పుడు పంపినా ఒకటే.

చూడ్డానికి సులువే. కానీ కిందివాళ్లు కోరికలు ఎక్కువ రాసుకుంటే మొదటికే మోసం. నడపాల్సిన విమానాలకు మనుషులు చాలకపోతే కంప్యూటర్ వాళ్ల షరతులను ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిన ట్రిప్పులు అంటగడుతుంది. మా అమ్మాయి మొదట్లో పాతిక వరుసలు రాసేది. ఇప్పుడు నిజంగా కావలసిన రోజు ఒక్కటి పైన పెట్టి, మిగతావి వదిలేస్తోంది.

ఇంకో మాట. సీనియారిటీ అంటే కంపెనీ మొత్తంలో మీ స్థానం కాదు, మీ బేస్‌లో, మీ విమానంలో, మీ సీటులో మీ స్థానం. అందుకే కెప్టెన్ అయితే సుఖపడతారన్నది మన భ్రమ. ఫస్ట్ ఆఫీసర్లలో పైన ఉన్నవాళ్లు కెప్టెన్ కాగానే కెప్టెన్లలో అట్టడుగుకు వెళ్తారు. వారాంతాలు, పండగలు పోతాయి, మళ్లీ రిజర్వు మొదలవుతుంది. పిల్లలు చిన్నవాళ్లయినవాళ్లు జీతం వదులుకుని కుడి సీటులోనే ఉండిపోవడం ఇక్కడ మామూలే.

రిజర్వు అంటే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవడం. షార్ట్ కాల్ అయితే పిలిచిన రెండు మూడు గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉండాలి, లాంగ్ కాల్ అయితే పన్నెండు గంటలో ఇంకాస్త ఎక్కువో సమయమిస్తారు. మా అమ్మాయి ఉండేది మా దగ్గర, బేస్ న్యూయార్క్. అక్కడ కొత్తవాళ్లకు చోటు త్వరగా దొరుకుతుంది. షార్ట్ కాల్ రోజుల్లో అక్కడే నలుగురైదుగురు పైలట్లు కలిసి అద్దెకు తీసుకున్న గదిలో పడుకుంటుంది. కాబట్టి "నెలకు 80 గంటలే కదా పని" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ గంటలు విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ గేటుకు చేరేదాకానే.

విశ్రాంతి మాత్రం చట్టం ప్రకారం ఇవ్వాలి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి 50 మంది పోయాక పైలట్ల అలసట గురించి గట్టిగా చర్చ జరిగింది. 2014 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. డ్యూటీకి ముందు 10 గంటల విరామం, అందులో 8 గంటలు నిద్రకు వీలుండాలి. వారంలో ఒకసారి వరుసగా 30 గంటలు ఖాళీ ఇవ్వాలి. ఏడాదికి 1,000 గంటలకు మించి నడపకూడదు. కాబట్టి ట్రిప్ నుంచి వచ్చిన పిల్లకు ఉదయం తొమ్మిదికి సత్యనారాయణ వ్రతానికి రమ్మని ఫోన్ చేయకండి.

ఏడాది సెలవులు

వెకేషన్ బిడ్ వేరు. ఇది ఏడాదికోసారి, చాలాచోట్ల శరదృతువులో జరుగుతుంది. ప్రతి వారానికీ ఇంతమందికే సెలవు అని కంపెనీ లెక్క పెడుతుంది, సీనియారిటీ వరుసలో ఎంచుకుంటారు. జూన్, జులై, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ పైవాళ్లు పట్టుకుపోతారు. కొత్తవాళ్లకు మిగిలేది జనవరి, ఫిబ్రవరి, సెప్టెంబరు, అక్టోబరు.

మన అదృష్టం ఇక్కడే ఉంది. సంక్రాంతి వారం కావాలని అమెరికా కెప్టెన్ ఎవరూ అడగరు. దసరాకు, దీపావళికి కూడా పెద్ద పోటీ ఉండదు. మాఘమాసపు ముహూర్తాలు ప్రెసిడెంట్స్ డే వారాన్ని తప్పించుకుంటే కొత్తవాళ్లకు కూడా దొరుకుతాయి. శ్రావణమే ఇబ్బంది, అది జులై, ఆగస్టుల్లో పడుతుంది. తమ్ముడు అక్టోబరులోపు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఫిబ్రవరి వారం వచ్చి ఉండేదేమో. అయితే వాడిని పూర్తిగా తప్పుపట్టలేం. మన పంచాంగం ఉగాదితో అయిపోతుంది, ఇక్కడి బిడ్ ఆ తర్వాతి నెలల గురించి కూడా అక్టోబరులోనే అడుగుతుంది. మేమిప్పుడు తర్వాతి ఏడాది లగ్నాల కోసం సిద్ధాంతి గారికి సెప్టెంబరులోనే ఫోన్ చేస్తున్నాం. "మూఢాలు కూడా చెప్పమంటారా?" అని ఆయన నవ్వుతారు.

బిడ్ అయ్యాక దారి పూర్తిగా మూసుకుపోదు. ట్రిప్పులు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు, రిజర్వు పైలట్లు సరిపడా ఉన్న రోజైతే వదులుకోనూవచ్చు. ఆ "సరిపడా" లెక్క తప్పితే ఏమవుతుందో 2017 నవంబరులో మా పక్కనే, ఫోర్ట్‌వర్త్ కేంద్రంగా ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో చూశాం. రిజర్వు చాలినంత ఉందని కంప్యూటర్ పొరబడి, డిసెంబరు ట్రిప్పులు వదులుకోవడానికి పైలట్లకు అనుమతి ఇచ్చేసింది. క్రిస్మస్ రోజుల్లో 15,000కు పైగా విమానాలకు పైలట్లు లేకుండా పోయారని యూనియన్ ప్రకటించింది. కంపెనీ ఒకటిన్నర రెట్లు జీతమిస్తామంది. మమ్మల్ని అడక్కుండా రేటు మీరెలా నిర్ణయిస్తారని యూనియన్ ఫిర్యాదు చేసింది. డిసెంబరు మొదట్లో రాజీ కుదిరింది. 2022 జులైలో అదే కంపెనీలో మరోసారి ఇలాగే జరిగింది.

ఓటు దేనికి

ఈ నియమాలన్నీ ఉండేది యూనియన్‌తో కంపెనీ చేసుకున్న కాంట్రాక్టులో. సెలవు రోజుకు ఎన్ని గంటల జీతం, రిజర్వులో నెలకు ఎన్ని రోజులు ఖాళీ, ట్రిప్ మధ్యలో ప్లాన్ మారిస్తే ఎంత అదనం, అన్నీ అందులోనే. డెల్టా, యునైటెడ్ పైలట్లు 1931లో పుట్టిన ఆల్పాలో ఉన్నారు. అమెరికన్‌కు, సౌత్‌వెస్ట్‌కు సొంత యూనియన్లున్నాయి. ఒప్పందం కుదిరాక సభ్యులు ఓటేస్తేనే అమలవుతుంది. సభ్యత్వం లేకుండా రుసుము మాత్రం కట్టేవాళ్లకు ఓటుండదు. టెక్సస్‌లో యూనియన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు కదా అని మా స్నేహితుడొకాయన వాదించాడు. ఎయిర్‌లైన్లకు వర్తించేది రైల్వే లేబర్ చట్టం. అది 1926 నాటిది, 1936లో విమానాలకూ విస్తరించారు. దాని ముందు రాష్ట్ర చట్టం పనిచేయదు.

ఈ ఓటు లాంఛనం కాదు. 2022లో యునైటెడ్ పైలట్ల ముందుకు ఒక ఒప్పందం వస్తే నవంబరులో 94 శాతం మంది వద్దన్నారు. మళ్లీ చర్చలు జరిగి, నాలుగేళ్లలో 40 శాతం దాకా పెంపుతో ఇంకో ఒప్పందం వచ్చింది. 2023 సెప్టెంబరులో 82 శాతం మంది ఒప్పుకున్నారు. అదే ఏడాది మార్చిలో డెల్టా ఒప్పందానికి 78 శాతం, ఆగస్టులో అమెరికన్ ఒప్పందానికి దాదాపు 73 శాతం మద్దతు వచ్చింది. వార్తల్లో వచ్చేది జీతం శాతమే. మా ఇంట్లో చర్చ జరిగేది రిజర్వు నియమాల మీద. రిటైర్మెంట్ దగ్గరున్న కెప్టెన్ పింఛను పేజీ చూస్తాడు, మా అమ్మాయి రిజర్వు పేజీ చూస్తుంది. ఒకే పుస్తకానికి ఇద్దరూ ఔననో కాదనో చెప్పాలి.

సమ్మె ఓటు సంగతి కూడా చెప్పాలి. 2023 మేలో అమెరికన్ పైలట్లు 99 శాతం సమ్మెకు సరేనన్నారని వార్త వస్తే, మా వాట్సాప్ గ్రూపులో వేసవి టికెట్లు రద్దు చేసుకోవాలా అని గగ్గోలు మొదలైంది. అక్కర్లేదు. అది యూనియన్ చేతికి అధికారం ఇచ్చే ఓటు మాత్రమే. ఈ చట్టం కింద కాంట్రాక్టుకు గడువు తీరడమన్నది లేదు, కొత్తది వచ్చేదాకా పాతదే నడుస్తుంది. ముందు నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిత్వం చేయాలి, ఇక లాభం లేదని విడిచిపెట్టాలి, ఆపైన 30 రోజులు ఆగాలి. అప్పటికీ అధ్యక్షుడు అడ్డుపడవచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే క్లింటన్ ఆపేశారు. 2010 జూన్‌లో స్పిరిట్ పైలట్లు ఐదు రోజులు చేశారు. డెల్టా, సౌత్‌వెస్ట్‌లలో కూడా 99 శాతం ఓట్లే పడ్డాయి, ఒక్క విమానమూ ఆగలేదు.

ఈ ఏడాది బిడ్‌కు ముందు తమ్ముడికి నేనే ఫోన్ చేసి, ఇంట్లో ఏమేం కార్యక్రమాలున్నాయో రాసి పంపమన్నాను. గృహప్రవేశం ఒకటుంది, తేదీ తేలలేదన్నాడు. సంక్రాంతి దాటకుండా చూడమన్నాను. మా అమ్మాయికి జనవరి 10 నుంచి వారం దొరికింది. ఇక టికెట్టంటారా, ఉద్యోగుల పాస్ కాబట్టి స్టాండ్‌బై, విమానంలో సీటు మిగిలితేనే. ఆ సీటు ఇచ్చేది కూడా చాలాచోట్ల చేరిన తేదీని బట్టే.