చక్కెర ప్యాకెట్ మీది ఇంటిపేరు

డర్బన్‌లో కాపురముండే తెలుగువాళ్ల వంటింట్లో 'హ్యూలెట్స్' చక్కెర ప్యాకెట్ కనిపించడం మామూలే. అది కంపెనీ పేరనే నేనూ చాలాకాలం అనుకున్నాను. కాదు, ఒక మనిషి ఇంటిపేరని మా వీధిలోని పెద్దాయన చెప్పారు. ఆయన తాతగారు హ్యూలెట్ గారి తేయాకు తోటలో కూలీ. దొర ఇంగ్లండ్‌లో ఎక్కడ పుట్టాడో, ఎన్నో ఏట ఓడ దిగాడో పెద్దాయన గడగడా చెప్పేశారు. "మరి మీ తాతగారిది ఏ ఊరండీ?" అంటే మాత్రం, "మద్రాస్ సైడ్" అని ఊరుకున్నారు. అప్పటినుంచి ఆ రెండు కుటుంబాల గురించీ వెతకడం మొదలుపెట్టాను.

జేమ్స్ లీజ్ హ్యూలెట్ 1838లో షెఫీల్డ్‌లో పుట్టాడు. 19 ఏళ్ల వయసులో, 1857లో, డర్బన్‌లో ఒక మందుల షాపులో సహాయకుడి ఉద్యోగానికి వచ్చాడు. కొంతకాలానికే అది వదిలేసి సేద్యంలోకి దిగాడు. స్టాంగర్ దగ్గర పెట్టిన ఎస్టేటుకు ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతపు ఊరి పేరే, కియర్స్‌నీ అని పెట్టుకున్నాడు. అది ఖాళీ నేలేమీ కాదు. జులూ రాజు షాకా రాజధాని దుకూజా ఉన్నది స్టాంగర్‌లోనే. అందుకే ఆ పట్టణానికి ఇప్పుడు క్వాదుకూజా అనే పేరు వచ్చింది.

మొదట్లో అక్కడి రైతులు కాఫీ మీద ఆశ పెట్టుకున్నారు. 1870లలో దానికి తెగులు పట్టి తోటలు పోయాయి. హ్యూలెట్ అస్సాం రకం తేయాకు వేసి నిలదొక్కుకున్నాడు. తర్వాత కొడుకులతో కలిసి చెరకులోకి, చక్కెర మిల్లుల్లోకి వచ్చాడు. నాటాల్ రాజకీయాల్లో మంత్రి అయ్యాడు, 1902లో సర్ బిరుదు అందుకున్నాడు, 1928లో చనిపోయాడు. ఆయన కట్టుకున్న బంగళాలోనే 1921లో కియర్స్‌నీ కాలేజీ మొదలైంది. ఆ స్కూలు 1939లో బోథాస్ హిల్‌కు మారింది. ఈ కుటుంబం చరిత్ర తెలుసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, అంతే.

తేయాకు చేతులతో కోయాల్సిన పంట. ఆ చేతులు మనవాళ్లవి. హ్యూలెట్ వచ్చిన మూడేళ్లకే, 1860 నవంబర్ 16న, మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే ఓడెక్కారు. ఒప్పందం ఐదేళ్లు. మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు. 1911లో కూలీల రాక ఆగిపోయాక నాటాల్ తేయాకు తోటలు క్షీణించి, చాలాచోట్ల చెరకు తోటలయ్యాయి.

కూలీల చరిత్ర అసలు రాయలేదనుకోవడం పొరపాటు. తోటల యజమానుల లెక్క కోసం రాశారు. ఓడ రిజిస్టర్లలో ఒక్కొక్కరికీ ఒక కాలనీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, ఏ యజమాని దగ్గరకు పంపారన్నది ఉంటాయి. క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఆ జాబితాలు చూడొచ్చు.

లేనిది ఒక్కటే, మన ఇంటిపేరు. గుమాస్తాకు ఆ పద్ధతి తెలియదు, అందుకు గడి కూడా లేదు. దాంతో చాలా కుటుంబాల్లో ఓడెక్కినాయన పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైపోయింది. అప్పలసామి అన్న ఇంటిపేరు వింటే నాకైతే ముందు ఉత్తరాంధ్రే గుర్తొస్తుంది. అందుకే వెతికేవాళ్లు ఇప్పటి ఇంటిపేరును పట్టుకుని కూర్చోవద్దు. తాత, ముత్తాతల పేర్లు, తోట యజమాని పేరు కలిపి చూడండి. ఊరి పేర్లు ఇంగ్లీషు చెవికి వినబడినట్టు రాశారు కాబట్టి బయటికి చదివి చూడాలి. పాత జిల్లాలనూ గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది.

పెద్దాయన తాతగారి వరుస నాలుగో ప్రయత్నంలో దొరికింది. జిల్లా గడిలో విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరును రెండు రకాలుగా చదవొచ్చు. ఎడమ భుజం మీద మచ్చ అని రాసి ఉంది. అది చదవగానే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడా కాగితం జిరాక్స్ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. డిసెంబర్‌లో విశాఖ టికెట్లు ఎంతుంటాయో కనుక్కోమని నాకు చెప్పారు.