రాజుకు చావు కబురు చెప్పిన బొమ్మ

చైనా పడమటి కొసన, కుచా దగ్గరి కిజిల్ గుహల్లో 205వ గుహ గోడమీద ఒక రాజు తొట్టిలో కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ ఉండేవాడు. మగధను ఏలిన అజాతశత్రువు. ఎదురుగా మంత్రి వర్షకారుడు ఒక వస్త్రం విప్పి పట్టుకున్నాడు. దానిమీద నాలుగు ఘట్టాలు: బుద్ధుడి పుట్టుక, మారుడిమీద గెలుపు, తొలి బోధ, నిర్యాణం.

ఈ కథ మూలసర్వాస్తివాదులనే బౌద్ధ శాఖవారి వినయ గ్రంథంలోది. తండ్రి బింబిసారుడి చావుకు కారకుడైన ఈ రాజుకు బుద్ధుడే దిక్కు. ఆయన పోయాడని ఉన్నపళాన చెబితే నెత్తురు కక్కుకుని చస్తాడని బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడు భయపడ్డాడు. బొమ్మలు వేయించి, ఒక్కొక్క ఘట్టమే చూపించమని వర్షకారుడితో అన్నాడు. మూర్ఛపోతే కూర్చోబెట్టడానికి వెన్న నింపిన ఏడు తొట్లు, చందనపు నీళ్లతో ఎనిమిదోది సిద్ధం చేయించాడు.

మా నాన్న పోయినప్పుడు నాకొచ్చిన ఫోను, "ఒంట్లో బాగాలేదు, వెంటనే బయల్దేరు" అనే. మన ఊళ్లలో చావు కబురు అలాగే చెబుతారు. బస్సెక్కిన మనిషి దారిలో తనే తెలుసుకుంటాడు. వర్షకారుడి చేతిలోని గుడ్డలో నాకు ఆ దయే కనిపిస్తుంది.

ఆ చిత్రాన్ని 20వ శతాబ్దం మొదట్లో జర్మన్లు గోడనుంచి కోసి బెర్లిన్ పట్టుకెళ్లారు. రెండో ప్రపంచయుద్ధంలో పోయింది. జర్మన్ పరిశోధకుడు గ్రున్‌వెడెల్ 1920లో అచ్చువేసిన పుస్తకంలో దాని రేఖాచిత్రం మిగిలింది.

బుద్ధుడి నిర్యాణాన్నే చూస్తే, మన అమరావతి శిల్పులు దాన్ని స్తూపంతో సూచించారు. చుట్టూ మొక్కేవాళ్లను చెక్కారు. కిజిల్‌లో అలా కాదు. 224వ గుహలోని దహన దృశ్యంలో జుట్టు పీక్కునేవాళ్లు, కత్తితో ముఖం కోసుకునేవాళ్లు ఉన్నారు. చైనాలోనే ఉన్న దున్‌హువాంగ్‌లోని 158వ గుహ, 9వ శతాబ్దం నాటిది, ఇంకా తీవ్రం. 15 మీటర్లకు పైగా పొడవున పవళించిన బుద్ధుడి పాదాల వైపు గోడమీద దేశదేశాల రాజులు. ఒకడు రొమ్ములో కత్తి దించుకుంటున్నాడు, ఇంకొకడు ముఖం కోసుకుంటున్నాడు. మధ్య ఆసియా గడ్డి మైదానాల తెగలు తమవాళ్లు పోతే నిజంగానే ముఖాలు కోసుకునేవి.

ఏడవొద్దని శిష్యుడు ఆనందుడికి బుద్ధుడే చెప్పాడు. చిత్రకారులకు ఆ మాట తెలియక కాదు. 158వ గుహలో బోధిసత్త్వుల ముఖాలు ప్రశాంతంగానే దిద్దారు. అదే గుహలో రాజుల్ని, తమ చుట్టూ జనం ఎలా ఏడ్చేవాళ్లో అలాగే, కత్తులతో సహా, బుద్ధుడి కోసం ఏడిపించారు.