మొటిమలు మనసుపై చూపే ప్రభావం

మొటిమలు ప్రాణాంతకం కావు. అందువల్లనే ఇంట్లో దానిని వ్యాధిగా లెక్కించరు. "వేడి చేసింది, అదే తగ్గుతుంది" అన్న ఓదార్పుతో ప్రస్తావన ముగుస్తుంది. అయితే బ్రిటన్ వైద్య రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మొటిమలు నిర్ధారణ అయిన తొలి సంవత్సరంలో తీవ్ర కుంగుబాటు ముప్పు ఇతరులకంటే 63 శాతం అధికం.

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్ చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణకు, పీజీ వసతులకు పేరొందిన ప్రాంతం. చదువు కోసం ఇల్లు విడిచి ఇటువంటి చోటికి వచ్చే వయసు, మొటిమలు ముదిరే వయసు దాదాపు ఒకటే. గదిలో ఏకాంతం ఉండదు. వీడియో కాల్‌లో తల్లి మొదట అడిగేది "ఏమిటా ముఖం, సరిగా తింటున్నావా?" అనే. ఆ ప్రశ్నలో ప్రేమే ఉన్నా, వినేవారికి అది మరొక తీర్పు. కొందరు కెమెరా ఆపేస్తారు, మరికొందరు తరగతిలో వెనుక వరుసకు మారతారు. ముఖం చెల్లకపోవడం, ముఖం చాటేయడం అన్న మన జాతీయాలు ఇక్కడ అక్షరార్థంలోనే నిజమవుతాయి.

పరీక్షల ఒత్తిడి ఈ బాధకు తోడవుతుంది. 2003లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 22 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించగా, పరీక్షల రోజుల్లో ఒత్తిడి పెరిగినవారిలో మొటిమల తీవ్రతా పెరిగింది. దిగులుతో గిల్లడం, గిల్లినచోట మచ్చ పడడం, మచ్చను చూసి మళ్లీ దిగులుపడడం ఒక వలయంగా సాగుతాయి. చామనఛాయ చర్మంపై ఆ నల్లమచ్చలు మొటిమ మానిన తరువాత కూడా నెలల తరబడి నిలుస్తాయి.

వ్యాధి తీవ్రతకు, వేదనకు పొంతన ఉండకపోవచ్చు. నాలుగు మొటిమలున్నవారు కుంగిపోవచ్చు, ముఖం నిండా ఉన్నవారు నిబ్బరంగా ఉండవచ్చు. కనుకనే వైద్యులు వాడే కార్డిఫ్ సూచికలోని 5 ప్రశ్నలు చర్మస్థితితో ఆగక కోపం, సిగ్గు, నలుగురిలోకి వెళ్లలేకపోవడం గురించీ అడుగుతాయి.

ఆత్రంలో జరిగే పెద్ద పొరపాటు మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ క్రీము కొనడం. మొదట ముఖం తేటపడినట్లే ఉంటుంది. కొంతకాలానికి చర్మం పలుచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలు పుట్టుకొస్తాయి. 2018 మార్చిలో కేంద్రం ఇటువంటి 14 స్టెరాయిడ్ల పూతమందులను వైద్యుని చీటీ లేనిదే విక్రయించరాదని ఉత్తర్వులిచ్చింది. చీటీ అడగని దుకాణాలు నేటికీ ఉన్నాయి.

సరైన చికిత్సకు కూడా ఓపిక కావాలి. ఫలితం స్పష్టంగా కనిపించడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. తీవ్రమైన మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్‌ను గర్భిణులు వాడరాదు. దానికి, ఆత్మహత్యాయత్నాలకు గల సంబంధంపై చర్చ పాతదే. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో చికిత్సకు ముందే ముప్పు పెరుగుతూ వచ్చినట్లు, చికిత్స ముగిసిన 6 నెలల్లోపు అది అత్యధికంగా ఉన్నట్లు తేలింది. ఈ మాత్రలు వాడేవారిలో నిద్ర, మాటతీరు మారితే ఇంటివారు, గదిలోని మిత్రులు ఆ సంగతి వైద్యునికి తెలపాలి.

బతకాలనిపించడం లేదన్న మాట వినబడితే చర్మం సంగతి తరువాత. కేంద్ర ప్రభుత్వ 'టెలీ మానస్' ఉచిత నంబరు 14416కు రాత్రింబవళ్లు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.